అంబులెన్స్ వచ్చి ఇంటి ముందే ఆగిపోయిందేంటి?

ప్రశ్న: మా పక్కింటి పెద్దాయనకి గుండెల్లో నొప్పి వస్తే అంబులెన్స్‌ని పిలిచారు. వచ్చినవాళ్ళు వెంటనే బయల్దేరకుండా బీపీ చూసి, ఆక్సిజన్ పెట్టి, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ కాసేపు అక్కడే ఉండిపోయారు. జనం కేకలేశారు. త్వరగా ఆస్పత్రిలో పడేయడమే కదా వాళ్ళ పని? అసలు దీన్ని ఎవరు మొదలుపెట్టారు?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: అది సగం పనేనండి. మిగతా సగం, వైద్యాన్ని మనిషి పడి ఉన్న చోటికే తీసుకురావడం. అంబులెన్స్ పుట్టిందే అందుకు.

1792లో ఫ్రెంచి సైన్యంలో దొమినిక్ లారే అని 26 ఏళ్ళ సర్జన్ ఉండేవాడు. అప్పటి నియమం ప్రకారం వైద్యుల బళ్ళు యుద్ధరంగానికి నాలుగైదు కిలోమీటర్లు వెనకే ఆగాలి, పోరు ముగిశాకే ముందుకెళ్ళాలి, అప్పటిదాకా గాయపడ్డవాళ్ళు నేలమీద రక్తం కారుతూ ఒక్కోసారి మర్నాటి వరకూ పడి ఉండేవాళ్ళు. గుర్రాలు కట్టిన ఫిరంగులు అటూ ఇటూ దూసుకెళ్ళడం చూసి, తుపాకిమందు వెళ్ళగలిగిన చోటికి కట్లు, మందులు ఎందుకు వెళ్ళలేవనుకున్నాడు లారే. రెండు గుర్రాలు లాగే, స్ప్రింగులున్న తేలికపాటి బళ్ళు చేయించాడు. ఇద్దరు పడుకునేలా లోపల పరుపు, వెంట గుర్రాలమీద సర్జన్లు. ఈజిప్టు దండయాత్రలో ఒంటెల మీద కూడా క్షతగాత్రుల్ని మోయించాడు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆయన పెట్టిన ఇంకో పద్ధతి: హోదా చూడకుండా, మనవాడా శత్రువా అని కూడా చూడకుండా, ఎవరి గాయం ప్రమాదకరమో వాళ్ళకే ముందు వైద్యం. ఈ రోజుకీ క్యాజువాలిటీల్లో నడిచేది అదే.

ఊళ్ళలోకి అది తర్వాత వచ్చింది. న్యూయార్క్‌లో బెల్వ్యూ ఆస్పత్రి 1869లో గుర్రపు అంబులెన్సులు నడిపింది. డాక్టరే బండెక్కి వెళ్ళేవాడు, బండిలో కట్లు, స్పాంజీలు, విరిగిన ఎముకలకి కట్టే బద్దలు, ఓ బ్రాందీ సీసా కూడా ఉండేవి! అమెరికాలోనే పిట్స్‌బర్గ్‌లో 1967 నాటికి కూడా రోగుల్ని పోలీసు వ్యాన్లలో పడేసి తీసుకెళ్ళేవాళ్ళు. అప్పుడు ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్స్ సేవ నల్లజాతి యువకులకి గట్టి శిక్షణ ఇచ్చి పంపింది. ఇవాళ్టి పారామెడిక్‌లకి (అంబులెన్స్‌లో వచ్చి ఆస్పత్రికి చేరేలోపే వైద్యం చేసేవాళ్ళకి) దారి వేసినవాళ్ళలో వాళ్ళు ముందుంటారు, చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మన దగ్గర 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అందులో డ్రైవర్‌ని పైలట్ అంటారు, పక్కన ఈఎంటీ, అంటే అత్యవసర వైద్యంలో శిక్షణ పొందినవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఫోన్‌లో మాట్లాడింది కబుర్ల కోసం కాదు, సాధారణంగా అవతల డాక్టరే ఉంటారు, ఏం ఇవ్వాలో చెబుతారు. గుండె ఆగితే సీపీఆర్ (ఛాతీని పదేపదే గట్టిగా నొక్కడం) అక్కడికక్కడే మొదలెట్టాలి, బండి కదిలాక చేయడం చాలా కష్టం. పక్షవాతానికీ, లోపలి రక్తస్రావానికీ మాత్రం ఎక్కువసేపు ఆగరు, వాటికి అసలు వైద్యం ఆస్పత్రిలోనే.

ప్రశ్న: మరి మేం చేయగలిగిందేంటి?
– అదే పాఠకురాలు

జవాబు: ఫోన్ చేయగానే ఊరు, వీధి, దగ్గరి గుర్తు చెప్పండి. స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా అన్నది తప్పకుండా చెప్పండి. వాళ్ళు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టకండి. రోజూ వాడే మందులు, పాత రిపోర్టులు ఓ సంచిలో వేసి ఉంచండి. ఒకర్ని సందు మొదట్లో నిలబెట్టండి, బండి దారి తప్పకుండా ఉంటుంది.