టెలిఫోను మోగే గది

చిరంజీవికి,

నీ గూఢచారి నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. నాలుగు దేశాలు, ఆరు వెంటాడే ఘట్టాలు, పద్నాలుగు చావులు. ఒక్క చావు దగ్గర కూడా నా చేయి పేజీ తిప్పకుండా ఆగలేదు. నీకు వాక్యం చక్కగా వశమైంది కాబట్టే ఇంత సూటిగా చెబుతున్నాను.

దిద్దడానికి కూర్చునే ముందు ‘ది శాండ్‌బ్యాగర్స్’ చూడు. బ్రిటన్‌లో యార్క్‌షైర్ టెలివిజన్ తీసిన ధారావాహిక. 1978 నుంచి 1980 వరకు వచ్చింది, మొత్తం 20 ఎపిసోడ్లు. గూఢచారి కథలంటే ప్రాణం పెట్టేవాళ్లలో కూడా చాలామందికి దీని పేరు తెలియదు. నాకది నిజంగా బాధ.

నీల్ బర్న్‌సైడ్ బ్రిటిష్ గూఢచార సంస్థలో ఆపరేషన్ల డైరెక్టర్. రాయ్ మార్స్‌డెన్ ఆ పాత్ర వేశాడు. ప్రాణాలకు తెగించే పనులకు పంపడానికి అతని దగ్గర ఉన్నది గుప్పెడు మంది. కథలో ఎక్కువ భాగం గదుల్లోనే నడుస్తుంది: ఫైళ్లు, ఫోన్లు, అనుమతుల కోసం వాదనలు. ఆ అనుమతుల కోసం అతను తరచూ వెళ్లాల్సింది విదేశాంగ శాఖలోని పెద్ద అధికారి దగ్గరికి. ఆయన బర్న్‌సైడ్ మాజీ భార్యకు తండ్రి! ఇక ఏ చర్చా పొడి చర్చగా మిగలదు.

మొదటి భాగం చివరి ఎపిసోడ్ ఒంటరిగా చూడు. బర్న్‌సైడ్ ప్రేమించిన లారా అతని కింద పనిచేసే ఏజెంటే. తూర్పు బెర్లిన్‌లో చిక్కుకుంటుంది. ఆమెను విడిపించడానికి అడిగిన మూల్యం చెల్లిస్తే అమెరికా గూఢచార సంస్థ సి.ఐ.ఎ.తో బ్రిటన్‌కున్న సంబంధమే తెగిపోతుంది. అది తెగకుండా ఉండాలని ఆమె చావుకు ఏర్పాటు చేసేది అతనే. అప్పటివరకు అతని మొండితనాన్ని, ఒంటరితనాన్ని ఓపికగా పరిచారు కాబట్టే ఆ ఒక్క చావు అంతగా కోస్తుంది.

దీన్ని సృష్టించిన ఇయన్ మాకింటాష్ నౌకాదళంలో అధికారిగా పనిచేసినవాడు. 1979 జూలైలో అలాస్కా తీరంలో అతను ప్రయాణిస్తున్న చిన్న విమానం కనిపించకుండా పోయింది. తర్వాత కొన్ని ఎపిసోడ్లు వేరేవాళ్లు రాశారు. చివరి ఎపిసోడ్ చిక్కుముడి విప్పకుండానే ముగుస్తుంది. ఆ తర్వాత ఏమై ఉంటుందని నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

నీ పదకొండో అధ్యాయంలో వంతెన మీద ఒకణ్ని కాల్చేస్తారు. ఆ ఆదేశం ఇచ్చినవాడు నీ నవలలో ఎక్కడా లేడు. అతనెవరు? ఏ గదిలో కూర్చున్నాడు? ఫోను పెట్టేశాక ఏం చేశాడు? వంతెనను పక్కన పెట్టి ఆ గది రాయి. ఆ అధ్యాయం ఒక్కటీ నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు