బొటనవేలికి నచ్చిన పూస

రాయగడ

అమ్మాయీ,

బరంపురం నుంచి నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. ఏ తస్బీ, అదే మన జపమాల, తీసుకోమంటావు అత్తయ్యా అని అడిగావు. రోజూ ఆఫీసుకు గాజులా వేసుకుంటే తప్పా అని ఇంకో ప్రశ్న. రెండోదానికే ముందు చెబుతాను. తప్పేమీ లేదు. మీ అమ్మ గొణుగుతోందని రాశావు. వదినకు నేను ఫోను చేస్తానులే.

తస్బీ లెక్క పెట్టుకోవడానికి. పూసల్లో మహిమ ఏమీ లేదు. దిష్టి తగలదనో, ఆపద రాదనో తాయెత్తులా కట్టుకునేటట్టయితే మాత్రం వద్దు, రెండు మామూలు గాజులు వేసుకో. ప్రవక్త గారు ఆడవాళ్లను వేళ్ల మీదే లెక్కించుకోమన్నారు, ఆ వేళ్లు రేపు తీర్పు రోజున సాక్ష్యం చెబుతాయని. కాబట్టి తస్బీ ఇంట్లో మరిచిపోయిన రోజున జిక్ర్, అంటే అల్లాహ్ స్మరణ, మానేయకు. చెయ్యి నీతోనే ఉంటుందిగా.

ఇక ఎంపిక. ఫొటో చూసి తస్బీ కొనకూడదు. దుకాణానికి వెళ్లి, కళ్లు మూసుకుని, బొటనవేలితో ఒక్కొక్క పూసా జరిపి చూడు. నచ్చాల్సింది కంటికి కాదు, ఆ వేలికి. మొదటి ఫొటోలో ఉన్నది మెరుపు రాళ్లు అంటించినది. వారం తిరగకముందే నీ దుపట్టా పోగులన్నీ లాగేస్తుంది. మూడోదాంట్లో పూసల్ని సందు లేకుండా బిగించి గుచ్చారు. జరగని పూసతో లెక్క ఎలా పెడతావు? దారం మీద ఒకటి రెండు పూసలు పట్టేంత ఖాళీ ఉండాలి.

మిగిలింది రెండోది. బాగానే ఉంది, కానీ కొలత అడుగు. 6 మిల్లీమీటర్ల పూసలు 33 గుచ్చితే దాదాపు 20 సెంటీమీటర్లు వస్తుంది. పూసల మందం పోగా లోపల 18 మిగులుతుంది. నీ సన్నని మణికట్టు మీద గాజులా వదులుగా ఆడుతుంది, అది మంచిదే. 8 మిల్లీమీటర్ల పూసలైతే 26 దాటుతుంది, చెయ్యి దించగానే జారి కింద పడుతుంది. కుచ్చు ఉంటే తీసేయించు. అన్నం తినే చేతికి కుచ్చు ఎందుకు, పప్పుచారులో ముంచడానికా?

అఖీఖ్ రాయి అని చెప్పి ప్లాస్టిక్ అంటగడతారు. నిజమైన రాయి అయితే బుగ్గకు ఆనించగానే చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అలా ఉండదు. తడి దూదితో రుద్దితే రంగు అంటుకుందా, వదిలేసి వచ్చేయ్. గంధపు చెక్క అన్నవాటిలో చాలావరకు వేరే కర్రకు నూనె పట్టించినవే, ఆ వాసన నాలుగు రోజుల ముచ్చట. నన్నడిగితే ఏటికొప్పాక బొమ్మల్లా అంకుడు కర్ర మీద లక్క పూసిన పూసలు మేలు. తేలిగ్గా ఉంటాయి, వేలికి నున్నగా తగులుతాయి. అయితే సబ్బునీళ్లు తగలనివ్వకు.

దారం సంగతి దూదేకుల ఇంటి మనిషికి వేరే చెప్పాలా అనకు, నేనే మోసపోయాను. తీసి వేసుకోవడానికి సుఖంగా ఉంటుందని ఒకసారి ఎలాస్టిక్ దారంతో గుచ్చుకున్నాను. చెమట, నూనె, ఎండ కలిసి దాన్ని లోపల్లోపలే పగలగొడతాయని అప్పుడు తెలియదు. రైల్లో పార్వతీపురం దగ్గర సీటు మీంచి లేవబోతుంటే పుటుక్కున తెగింది. పూసలు పెట్టె అంతా దొర్లాయి. ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా వంగి ఏరిపెట్టారు. ఇంటికి వచ్చి పళ్లెంలో పోసి లెక్కిస్తే 32. మళ్లీ లెక్కించినా 32. ఆ వారమే చటికొన బుధవారం సంతకు వెళ్తే, డొంగ్రియా కోంధు గిరిజన ఆడవాళ్లు పూసలు బేరమాడే చోట ఒక ఎర్ర పూస కొని, నైలాను దారంతో మళ్లీ గుచ్చాను. అది మిగతావాటికంటే కాస్త లావు. ఇప్పుడు చీకట్లో కూడా ఒక చుట్టు పూర్తయిందని బొటనవేలికి తెలిసిపోతుంది. చుట్టు ముగిసిందని చెప్పే అసలు ఇమాం పూస ఏ సీటు కిందికి పోయిందో గానీ, ఇదే నాకు ఇమాం.

చుట్టుకు 33. సుభానల్లాహ్ ఒక చుట్టు, అల్హమ్దులిల్లాహ్ ఒక చుట్టు, అల్లాహు అక్బర్ ఒక చుట్టు, చివర ఇంకొక్కసారి అల్లాహు అక్బర్ అంటే వంద. ప్రవక్త గారి కూతురు ఫాతిమా గారు తిరగలి తిప్పి చేతులు కాయలు కాసి, పనిమనిషి కావాలని అడిగితే, పడుకునే ముందు చదువుకోమని తండ్రి నేర్పినవి ఇవే. నువ్వు బస్సులో చదువుకున్నా సరే. నెలసరి రోజుల్లో నమాజు ఉండదు గానీ జిక్ర్‌కు అడ్డు లేదు, తస్బీ తీసి దాచిపెట్టనక్కర్లేదు.

వజూ చేసేటప్పుడు, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కునేటప్పుడు, తస్బీని పైకి జరిపి, కింద చర్మం తడిసేలా చూసుకో. అల్లాహ్ పేరు చెక్కిన పూస ఉన్నది కొనకు. మరుగుదొడ్డికి వెళ్లిన ప్రతిసారీ తీసి ఎక్కడో పెట్టి, ఆఖరికి పోగొట్టుకుంటావు. నీ సంగతి నాకు తెలియదా!

ఆఫీసులో ఎవరైనా తులసి పూసలా అని అడిగితే విసుక్కోకుండా చెప్పు. మా పక్కింటి ఒడియా ఆవిడ మెడలో తులసి కంఠి ఉంటుంది. నా తస్బీ చూసి మొదట అదే అడిగింది. ఇప్పుడు తన కంఠికి దారం నా చేతే మార్పించుకుంటుంది.

రెండోది కొను, కానీ గుచ్చినవాళ్ల ముడిని నమ్మకు. వచ్చే నెల మీ మామయ్య పరుపుల గుడ్డ కొనడానికి అటే వస్తారు, ఆయన చేతికిచ్చి పంపు, మళ్లీ గుచ్చి ఇస్తాను. ఈలోగా ఒక నూలుపోగు మణికట్టు చుట్టూ వదులుగా చుట్టి, కలిసిన చోట కత్తిరించి, కవరులో పెట్టి పంపు. ఫొటో పంపకు.

మీ అత్తయ్య