పాటలు లీడ్ చేస్తా, కానీ కోపం తగ్గట్లేదు

ప్రశ్న: బాప్తిస్మం తీసుకుని చాలా ఏళ్లైందండి. రోజూ బైబిల్ చదువుతా, ప్రార్థన మానను, చర్చిలో పాటలు లీడ్ చేసేది కూడా నేనే. కానీ ఇంట్లో ఎవరైనా చిన్న మాటంటే చాలు కోపం ఆగదు. అసలు నేను ఆత్మీయంగా ఎదుగుతున్నానా లేదా?

జవాబు: పాటలు లీడ్ చేయడం వరం అండి, ఎదుగుదల వేరే సంగతి, చాలామంది ఈ రెండూ కలిపేసుకుంటారు. కొరింథు సంఘాన్నే చూడండి, ఏ కృపావరంలోనూ మీకు లోటు లేదని వాళ్లకు రాసిన మొదటి పత్రిక (అంటే ఉత్తరం) 1వ అధ్యాయంలో మెచ్చుకున్న అపొస్తలుడు పౌలే 3వ అధ్యాయానికి వచ్చేసరికి మీలో అసూయ, గొడవలు ఉన్నాయి కాబట్టి మీరింకా పసిపిల్లలే అని మొహం మీదే చెప్పేశాడు. గలతీ 5:22-23లో ఆత్మఫలం (అంటే పరిశుద్ధాత్మ మనలో పండించే గుణాలు) చూసినా అంతే, దీర్ఘశాంతం, దయాళుత్వం, సాత్వికం ఇవన్నీ పక్కన ఇంకో మనిషి ఉంటేనే బయటపడతాయి, తలుపేసుకుని ప్రార్థిస్తే అందరం శాంతమూర్తులమే కదా!

అలాగని చదవడం మానేయమని కాదు. కానీ హెబ్రీ 5:14 ప్రకారం మంచి చెడు తెలిసేది అభ్యాసం వల్ల, అంటే చదివింది వాడాలి. కోపపడిన రోజే వెళ్లి సారీ చెప్పండి, కుదిరితే ప్రార్థన కంటే ముందే, మత్తయి 5:24లో యేసు కూడా అర్పణ అక్కడే వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడమన్నారు. ఒక్కసారిగా మారిపోవాలని మాత్రం కంగారు పడకండి, నేనింకా సంపూర్ణుణ్ణి కాలేదని బంధకాల్లో (అంటే ఖైదులో) ఉన్న పౌలే ఫిలిప్పీయులకు రాశాడు.

ఎదిగారో లేదో నన్నెందుకండీ, ఇంట్లోవాళ్లనే అడగండి. జవాబు నచ్చకపోతే వాదించొద్దు.