జపాన్ కత్తి పిడి దగ్గర గుండ్రంగా బిళ్ళలా ఉండేది ఏంటి, దాని మీద తూనీగలు ఎందుకు?
దాన్ని త్సుబా అంటారండి. సుమారు 7-8 సెంటీమీటర్లు ఉంటుంది, చెయ్యి జారి పదును మీదకి పోకుండా ఆపుతుంది. మొదట్లో మామూలు ఇనుప బిళ్ళే, కానీ 1603లో మొదలైన ఎడో కాలంలో యుద్ధాలు తగ్గిపోయి కత్తి కాస్తా స్టేటస్ సింబల్ అయ్యేసరికి పనితనం అంతా దీని మీదే చూపించారు, రాగిలో కొంచెం బంగారం కలిపి నల్లగా నిగనిగలాడే షకుడో చేసి దాని మీద బంగారు పూలు పొదిగేవాళ్ళు. తూనీగ సంగతంటారా, అది వెనక్కి ఎగరదని వాళ్ళ నమ్మకం, అందుకే దాన్ని 'గెలుపు పురుగు' అనేవాళ్ళు, సమురాయ్‌కి అంతకంటే ఏం కావాలి (నిజానికి వెనక్కి కూడా ఎగరగలదు, అది వేరే విషయం!). మధ్య చిల్లు కత్తి తోకకి (అంటే పిడిలోకి దూరే భాగానికి), పక్కన చిన్న చిల్లు కనిపిస్తే అది ఒరలో పెట్టుకునే బుల్లి చాకు కోసం.