రౌటర్ లాగిన్ పేజీ రావట్లేదా? రీసెట్ నొక్కేముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: వైఫై పాస్‌వర్డ్ మార్చుకుందామని ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 కొడుతున్నారు. ఒకసారి ఏవేవో వెబ్‌సైట్ల జాబితా వస్తోంది, ఇంకోసారి తెల్ల పేజీ తిరుగుతూనే ఉంటోంది. ఎలాగో ఒకసారి లాగిన్ పేజీ కనిపిస్తే అక్కడ వైఫై పాస్‌వర్డ్ ఇచ్చినా తప్పంటోంది. తెలిసినవాళ్లేమో రీసెట్ నొక్కెయ్యమంటున్నారు.

రీసెట్ మాత్రం ఇప్పుడే నొక్కకండి. మా బంధువుల ఇళ్లలో, ఆఫీసులో రౌటర్ల సంగతి చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. పేజీ రావట్లేదని నన్ను పిలిచినచోట్ల నిజంగా రీసెట్ అవసరమైనవి చాలా తక్కువ. ఎక్కువసార్లు అడ్రసే వేరు, లేకపోతే ఫోన్ వేరే దారిలో వెళ్తుంటుంది. రెండూ బాక్స్‌ని ముట్టుకోకుండానే తేలిపోయేవే.

ముందు అడ్రస్ సంగతి. 192.168.1.1 అన్ని రౌటర్లకూ ఉండే నంబర్ కాదు. ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికని కొన్ని నంబర్లను 1996లోనే పక్కన పెట్టేశారు. 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవన్నీ ఆ కోవలోవే. వీటిలో ఏది పెట్టుకోవాలన్నది తయారీ కంపెనీ ఇష్టం. కొన్ని 192.168.0.1 పెడతాయి, షావోమీ రౌటర్లలో 192.168.31.1 ఉంటుంది, హువావే ఫైబర్ బాక్సులు చాలావాటిలో 192.168.100.1 ఉంటుంది, కొన్నిచోట్ల 10.0.0.1 కనిపిస్తుంది. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ 101 నంబర్ ఫ్లాట్ ఉన్నట్టే ఈ నంబర్లు లక్షల ఇళ్లలో ఒకేలా ఉంటాయి. ఆ ఇంటి బయట వాటికి అర్థం లేదు. అందుకే ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా మీ రౌటర్ పేజీ దొరకదు.

ఇది తెలియక చాలామంది వెతుకులాటలో పడతారు. ఆ నంబర్‌నీ లాగిన్ అన్న మాటనీ కలిపి సెర్చ్ చేస్తే వచ్చే సైట్లలో ఏ ఒక్కటీ మీ రౌటర్ పేజీ కాదు. కొన్ని మామూలు సమాచారమే ఇస్తాయి, కొన్ని ప్రకటనలతో నింపేస్తాయి, కొన్ని ఫోన్ నంబర్ పెట్టి కాల్ చేయమంటాయి. వాటిలో ఎక్కడా మీ పాస్‌వర్డ్ టైప్ చేయకండి, ఆ నంబర్లకు ఫోన్ చేయకండి. ఈ ఒక్క విషయంలో నేను మావాళ్లకు పదేపదే చెబుతుంటాను.

మరి మీ ఇంటి నంబర్ ఏదో ఎలా తెలుస్తుంది? ఊహించాల్సిన పని లేదు, మీ ఫోన్‌నే అడగండి. వైఫైకి కనెక్ట్ అయినప్పుడు రౌటర్ మీ ఫోన్‌కి ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. దాంతోపాటు బయటికి వెళ్లాలంటే ఏ నంబర్ గుండా వెళ్లాలో కూడా చెబుతుంది. దాన్నే గేట్‌వే అంటారు. ఇళ్లలో గేట్‌వే అంటే రౌటరే. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, కనెక్ట్ అయిన వైఫై పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి కిందికి జరిపితే గేట్‌వే అని కనిపిస్తుంది. ఐఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న ఐ గుర్తు నొక్కితే అదే నంబర్ రౌటర్ అన్న పేరుతో ఉంటుంది. మ్యాక్‌లో వైఫై వివరాల్లో టీసీపీ ఐపీ అన్న భాగంలో చూడండి.

విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టాలి. చాంతాడంత జాబితా వస్తుంది, కంగారు పడకండి. కనెక్ట్ కాని అడాప్టర్ల దగ్గర మీడియా డిస్‌కనెక్టెడ్ అని ఉంటుంది, వాటిని వదిలెయ్యండి. మీ వైఫై లేదా ఈథర్‌నెట్ పేరు కింద డిఫాల్ట్ గేట్‌వే అన్న వరుస చూడండి. కొన్ని ఇళ్లలో అక్కడ ముందు ఎఫ్‌ఈ80తో మొదలయ్యే పొడుగాటి అక్షరాల వరస ఉంటుంది. అది ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రస్. మనకు కావాల్సింది దాని కింద, మూడు చుక్కలతో ఉన్న పొట్టి నంబర్. పైదాన్నే కాపీ చేసి పేజీ రావట్లేదనేవాళ్లను చూశాను. ఇంకోటి, మీ కంప్యూటర్ ఐపీ అడ్రసే 169.254తో మొదలవుతుంటే రౌటర్ దానికి అసలు నంబరే ఇవ్వలేదని అర్థం. అప్పుడు బ్రౌజర్‌లో ఏది కొట్టినా లాభం లేదు. కనెక్షన్ తీసేసి మళ్లీ కలపండి, కేబుల్ అయితే ఊడదీసి సరిగ్గా గుచ్చండి.

నంబర్ దొరికింది కదా, దాన్ని టైప్ చేసేటప్పుడు తెరమీద ఏం వస్తుందో జాగ్రత్తగా చూడండి, తప్పెక్కడుందో అదే చెబుతుంది. సెర్చ్ ఫలితాలు వస్తున్నాయంటే మీరు కొట్టినదాన్ని బ్రౌజర్ అడ్రస్‌గా గుర్తించలేదు. చుక్క బదులు కామా పడి ఉండొచ్చు, ఒకటి అంకె బదులు దానిలాగే కనిపించే ఇంగ్లిష్ ఎల్ పడి ఉండొచ్చు, లేదా ముందు డబ్ల్యూలు మూడు పెట్టి ఉండొచ్చు. పేజీ తిరుగుతూనే ఉంటే మాత్రం రూపం సరిగ్గానే ఉంది, ఆ నంబర్ దగ్గర పలికేవాళ్లే లేరు. ఇక్కడ ఒక తిరకాసుంది. ఒక చుక్క మర్చిపోయి 192.168.11 అని కొట్టినా కొన్నిసార్లు బ్రౌజర్ తప్పనదు, దాన్ని 192.168.0.11 అని అర్థం చేసుకుని అక్కడికి వెళ్తుంది. కాబట్టి తిరుగుతూ ఉన్నప్పుడు కూడా చుక్కలు ఇంకోసారి లెక్కపెట్టుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే నంబర్ ముందు హెచ్‌టీటీపీ, కోలన్, రెండు స్లాష్‌లు మీరే పెట్టి చూడండి. ఇప్పటి బ్రౌజర్లలో ఎప్పుడూ సురక్షిత కనెక్షనే వాడాలన్న సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, పాత రౌటర్లకు ఆ సదుపాయం లేక పేజీ ఆగిపోవచ్చు. కొత్త రౌటర్లలో దీనికి తిరగబడి జరుగుతుంది: పేజీ వస్తుంది, కానీ మీ కనెక్షన్ ప్రైవేట్ కాదని ఎర్రటి హెచ్చరిక వస్తుంది. రౌటర్ తన సర్టిఫికెట్ తానే తయారు చేసుకోవడం వల్ల బ్రౌజర్ దాన్ని నమ్మదు. మీరు మీ ఇంటి వైఫైలోనే ఉండి, అడ్రస్ బార్‌లో ఉన్నది ఇందాక చూసిన గేట్‌వే నంబరే అయితే అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లొచ్చు. బయటి వెబ్‌సైట్లలో ఇలాంటి హెచ్చరిక వస్తే మాత్రం దాటకండి.

మీరు ఫోన్ నుంచి ప్రయత్నిస్తున్నారు కాబట్టి నా అనుమానమంతా మొబైల్ డేటా మీదే. వైఫైలో ఇంటర్నెట్ లేదని ఆండ్రాయిడ్‌కి అనిపిస్తే, పైన వైఫై గుర్తు ఉన్నా అది మొబైల్ డేటా దారి పట్టేస్తుంది. ఆ దారిలో మీ రౌటర్ ఉండదు. మా అక్కవాళ్లింట్లో సరిగ్గా ఇదే జరిగింది. నెట్ పోయిందని రౌటర్ పేజీ చూద్దామంటే, నెట్ పోవడం వల్లే ఆ పేజీ రాలేదు. మొబైల్ డేటా ఆపగానే లాగిన్ పేజీ వచ్చేసింది. ఇంటర్నెట్ లేకపోయినా కనెక్ట్ అయ్యే ఉండాలా అని ఫోన్ అడిగితే అవుననండి. సెట్టింగ్స్ పేజీకి ఇంటర్నెట్‌తో పని లేదు, అది రౌటర్ లోపలే ఉంటుంది. వీపీఎన్ ఉంటే అదీ ఆపండి. గెస్ట్ వైఫైలో ఉంటే అసలు వైఫైకి మారండి, అతిథుల నెట్‌వర్క్ నుంచి సెట్టింగ్స్ పేజీకి దారి మూసేసి ఉంటుంది. వీలైతే ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్ వెనక ల్యాన్ (LAN) పోర్టుకు కలపండి. నేనైతే ఎప్పుడూ అలాగే చేస్తాను, వైఫై పేరో పాస్‌వర్డో మార్చగానే మధ్యలో కనెక్షన్ తెగిపోదు.

ఇంట్లో రెండు బాక్సులున్నాయా? ఫైబర్ వచ్చే బాక్స్ ఒకటి, మీరు కొనుక్కున్న రౌటర్ ఒకటి ఉంటే, మీరు ఏ వైఫైకి కనెక్ట్ అయ్యారన్నదాన్ని బట్టి గేట్‌వే మారొచ్చు. కొన్న రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే మొదటి బాక్స్ నెట్‌వర్క్‌కే వైఫై అందించేలా పెట్టి ఉంటే దాని పాత అడ్రస్ సాధారణంగా పనిచేయదు, కొత్త నంబర్ మొదటి బాక్స్ ఇస్తుంది. మొదటి బాక్స్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో అది దొరుకుతుంది. ఈరో, గూగుల్ నెస్ట్ వైఫై లాంటి వాటికైతే బ్రౌజర్ నుంచి మార్చుకునే పేజీయే లేదు, అన్నీ వాటి యాప్‌లోనే చేసుకోవాలి.

ఇక పాస్‌వర్డ్. వైఫైకి కనెక్ట్ కావడానికి ఇచ్చేది వేరు, సెట్టింగ్స్‌లోకి వెళ్లడానికి ఇచ్చేది వేరు. బాక్స్‌ని తిరగేసి స్టిక్కర్ చూడండి. వైఫై పేరు, దాని కీ ఒకచోట ఉంటాయి, లాగిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇంకోచోట ఉంటాయి. అక్షరాలు చిన్నవి, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదవండి. సున్నాకీ ఇంగ్లిష్ ఓకీ తేడా అప్పుడే తెలుస్తుంది. పాత సలహాల్లో కనిపించే అడ్మిన్, అడ్మిన్ అన్న జంట కొత్త బాక్సుల్లో చాలావరకు పనిచేయదు. ఇలా అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టడం వల్లే 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చెలరేగింది. అరవై పైచిలుకు డిఫాల్ట్ పాస్‌వర్డ్ జంటల జాబితాతోనే కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరి లక్షల పరికరాలను పట్టేసింది. ఆ తర్వాత కాలిఫోర్నియాలో 2020 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఉమ్మడి పాస్‌వర్డ్‌లను చట్టమే అడ్డుకుంటోంది. అందుకే ఇప్పుడు ఒక్కో బాక్స్‌కి ఒక్కో పాస్‌వర్డ్ ఉంటుంది, లేదా మొదటిసారి ఆన్ చేసినప్పుడు మీరే పెట్టుకోవాలి.

స్టిక్కర్ మీదిది తప్పంటే, బిగించిన రోజు ఎవరో మార్చి ఉంటారు. ఆ రోజు దగ్గరున్న ఇంట్లోవాళ్లను, వచ్చిన టెక్నీషియన్‌ను అడగండి. వరసగా ఊహించి కొట్టకండి, చాలా రౌటర్లు కొన్ని తప్పుల తర్వాత కాసేపు తలుపు మూసేస్తాయి, ఆ సమయంలో సరైనది కొట్టినా తీసుకోవు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన బాక్సుల్లో పూర్తి అధికారం ఉన్న ఖాతాను కంపెనీ తన దగ్గరే ఉంచుకుని మీకు చిన్న ఖాతా ఇవ్వడం కూడా మామూలే. వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చడానికి ఆ చిన్న ఖాతా సరిపోతుంది.

రీసెట్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. అది పాస్‌వర్డ్ ఒక్కటే చెరిపేయదు, బాక్స్‌లో ఉన్నదంతా చెరిపేస్తుంది. లైన్ పీపీపీఓఈ పద్ధతిలో, అంటే కంపెనీ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నడుస్తుంటే అవి పోతాయి, కంపెనీ తన లైన్‌కి పెట్టిన వీల్యాన్ నంబర్ పోతుంది, కొన్ని ఫైబర్ బాక్సుల్లో కంపెనీ సర్వర్ గుర్తుపట్టే వివరాలు కూడా పోతాయి. మా బంధువుల ఇంట్లో ఎవరో చెప్పారని పిన్నుతో నొక్కేశారు. సెట్టింగ్స్ పేజీ చక్కగా వచ్చింది, ఇంటర్నెట్ మాత్రం రాలేదు. ఆ వివరాలు ఇంట్లో ఎవరి దగ్గరా లేవు. కంపెనీ మనిషి వచ్చేదాకా ఇల్లంతా ఫోన్ డేటా మీదే గడిపారు.

కాబట్టి కంపెనీ బాక్స్ అయితే ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, రీసెట్ చేస్తే లైన్ తనంతట తాను వస్తుందా, ఏమైనా ఎక్కించాలా అని అడగండి. ఎక్కించాలంటే వివరాలు మెసేజ్‌లో పంపమని చెప్పి, అవి చేతికొచ్చాకే నొక్కండి. మీరు కొనుక్కున్న రెండో రౌటర్ అయితే ఇంత భయం లేదు, చాలావరకు కేబుల్ గుచ్చితే తనే కనెక్ట్ అవుతుంది. బాక్స్ ఆన్‌లో ఉండగా సన్నటి పిన్నుతో రంధ్రంలోని బటన్‌ను సాధారణంగా పది సెకన్ల పాటు, లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరేదాకా నొక్కి ఉంచాలి. కొన్ని మోడళ్లలో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫైకి కలిపే సదుపాయం), రీసెట్ రెండూ ఒకే బటన్, ఎక్కువసేపు నొక్కితే రీసెట్. పవర్ ఆపి ఆన్ చేస్తే అయ్యేది రీస్టార్ట్ మాత్రమే, దానివల్ల ఏదీ చెరగదు. అది ఎన్నిసార్లయినా చేసుకోండి.

లోపలికి వెళ్లాక వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి వచ్చేయకండి. ముందు లాగిన్ పాస్‌వర్డ్ మార్చండి. రిమోట్ మేనేజ్‌మెంట్ (ఇంటి బయటినుంచి రౌటర్ సెట్టింగ్స్ మార్చే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఆపండి, కంపెనీ బాక్స్ అయితే అది వాళ్లు పెట్టుకున్నదేమో అడిగి ఆపండి. వైఫై సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. డబ్ల్యూపీఎస్ పిన్ ఆపెయ్యండి. ఆ ఎనిమిది అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుందని, అందువల్ల గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో కనిపెట్టెయ్యొచ్చని 2011లోనే బయటపడింది. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేయండి, అది పూర్తయ్యేదాకా కరెంటు తీయకండి. బ్యాకప్ అన్న బటన్ కనిపిస్తే ఆ ఫైల్ దాచుకోండి. ఇంటర్నెట్ లేదా వ్యాన్ (WAN) అన్న పేజీ తెరిచి అందులో ఉన్నదంతా ఒక కాగితం మీద రాసుకోండి, ఇంకోసారి రీసెట్ తప్పనిసరైతే కంపెనీ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇవన్నీ చేశాక కూడా పేజీ రాకపోతే రౌటర్ మోడల్, మీ ఫోన్‌లో కనిపించిన గేట్‌వే నంబర్, బ్రౌజర్ చూపించిన ఎర్రర్ మాటలు ఉన్నవున్నట్టు రాయండి. సమయం మించిపోయింది అన్నదానికీ కనెక్షన్ తిరస్కరించింది అన్నదానికీ చూడాల్సినచోట్లు వేరు. గేట్‌వే నంబర్ బయటపెట్టడంలో ప్రమాదమేమీ లేదు. స్టిక్కర్ ఫోటో మాత్రం ఎక్కడా పెట్టకండి, దాని మీద మీ పాస్‌వర్డ్‌లు, సీరియల్ నంబర్ ఉంటాయి.