పేరు లేని మేనత్తలో ప్రతిఘటన ఎక్కడ?

చైనా సంతతి అమెరికన్ రచయిత్రి మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ ఆత్మకథాత్మక పుస్తకం ‘ది వుమన్ వారియర్’ (1976)లో పసికందుతో బావిలో దూకిన మేనత్త బాధితురాలే కదా, మీ వ్యాసానికి పనికొచ్చే ప్రతిఘటన ఆమెలో ఏముందని అడిగారు. మేనత్త దగ్గరే ఆగిపోకండి, ఆమె కథ చెబుతున్న అమ్మాయిని చూడండి. ఎవరికీ చెప్పవద్దన్న తల్లి మాటతోనే పుస్తకం మొదలవుతుంది. చెప్పడమే ఆ అమ్మాయి ధిక్కారం! చైనా సంప్రదాయంలో చనిపోయినవారికి కాగితంతో చేసిన ఇళ్లు, బట్టలు సమర్పిస్తారు. ఇంటివాళ్లు యాభై ఏళ్లు మరచిన మేనత్తకు ఈమె తాను రాసిన కాగితాలే సమర్పిస్తుంది. నాకు అన్నిటికన్నా బలంగా తోచే చోటు అదే. జాతివివక్ష గురించైతే, ఆ అమ్మాయి పెద్దయ్యాక పనిచేసిన చిత్రకళా సామగ్రి దుకాణంలో యజమాని ఒక రంగును నల్లజాతివారిని కించపరిచే పేరుతో పిలిచిన ఘట్టం తీసుకోండి. ఆ మాట తనకు నచ్చలేదని ఆమె పీలగొంతుతోనే చెబుతుంది. మీ వ్యాసంలో ఆ పీలగొంతును తప్పక పట్టించుకోండి, దాన్ని ఓటమిగా చదవకండి.