పాత మోటర్‌హోమ్ కొనేముందు ఇంజిన్‌ను ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: మేము రాయగడలో స్థిరపడిన తెలుగువాళ్లం. పదవీ విరమణ తరువాత నేనూ మా ఆవిడా అరకు, దేవమాలి, చిత్రకోట జలపాతం, గోపాల్‌పూర్ తీరం వంటి చోట్లకు తీరిగ్గా తిరగాలని చిన్న మోటర్‌హోమ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనదలచాము. రెండు బండ్లు చూశాము. మొదటిది 2013లో రిజిస్టరైన ఫోర్స్ ట్రావెలర్. 1,90,000 కిలోమీటర్లు తిరిగింది. పాత పద్ధతి మెకానికల్ పంపు ఇంజిన్ అని మెకానిక్ చెప్పాడు. రెండోది 2021 నాటి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ వ్యాన్. 28,000 కిలోమీటర్లే తిరిగింది కాని రెండేళ్లుగా విశాఖపట్నంలో కదలకుండా ఉంది. దాని ధర మొదటిదానికి దాదాపు రెట్టింపు. తక్కువ తిరిగినదే నమ్మకమని మా అబ్బాయి అంటున్నాడు. మీ సలహా కోరుతున్నాను.
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: తక్కువ తిరిగిన బండి తక్కువ అరిగి ఉంటుందన్న మీ అబ్బాయి మాట రోజూ నడిచే కారుకు చాలావరకు వర్తిస్తుంది గాని, మోటర్‌హోమ్‌కు అంతగా వర్తించదు. ఇలాంటి బండి ఏడాదిలో కొన్ని వారాలు తిరిగి మిగతా కాలమంతా నిలిచి ఉంటుంది. తిరిగిన ఆ కొద్ది వారాల్లో కూడా రాత్రిళ్లు ఏసీ కోసం ఇంజిన్‌ను గంటల తరబడి ఐడిల్‌లో ఉంచేవారు ఉంటారు. ఆ గంటలు ఓడోమీటర్‌కు ఎక్కవు. ఐడిల్‌లో డీజిల్ ఇంజిన్ తగినంత వేడెక్కదు కాబట్టి డీజిల్‌ను చిమ్మే నాజిళ్ల దగ్గర, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకుంటుంది. నిలిచిపోయిన బండికి వచ్చే నష్టాలు వేరు. ట్యాంకు ఖాళీ భాగంలోని తేమ నీరై డీజిల్ అడుగున చేరుతుంది, కూలెంట్‌లో తుప్పును ఆపే గుణం కాలంతో తగ్గిపోతుంది, రబ్బరు హోసులూ ఆయిల్ సీళ్లూ గట్టిపడతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో రెండేళ్లు నిలిచిన బండిలో ఇవన్నీ ఉన్నాయనే అనుకుని పరీక్ష మొదలుపెట్టడం మంచిది.

ఇంజిన్ ఎంత అరుదుగా చెడుతుందన్నది ఒక ప్రశ్న అయితే, చెడినప్పుడు ఎక్కడ, ఎన్నాళ్లలో బాగవుతుందన్నది మరొక ప్రశ్న. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్లే కొండదారిలో బండి ఆగిపోయినప్పుడు మీకు కావలసింది రెండో ప్రశ్నకు సమాధానం. నేను ఈ రెండింటిలో దానికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఆ విధంగా చూస్తే ట్రావెలర్‌కు మొగ్గు ఉంది. ఇప్పటి ఫోర్స్ మోటార్స్, అప్పటి బజాజ్ టెంపో, 1980లలో మెర్సిడెస్ వారి ఓఎం 616 డీజిల్ ఇంజిన్‌ను లైసెన్సు మీద మన దేశంలో తయారు చేయడం మొదలుపెట్టింది. పాత ట్రావెలర్లలోని 2.6 లీటర్ల ఇంజిన్ ఆ సంతతిదే. పికప్ తక్కువ, శబ్దం ఎక్కువ, అయినా పంపు, నాజిళ్ల పని తెలిసిన ఏ డీజిల్ మెకానిక్ అయినా దాన్ని విప్పి బిగించగలడు. లారీల ఊరుగా పేరుపడిన సాలూరు మీకు దూరం కాదు. ఆయిల్ వేళకు మార్చిన ఇంజిన్ అయితే 1,90,000 కిలోమీటర్లు భయపడవలసిన సంఖ్య కాదు. భయపడవలసింది ఒకసారి గట్టిగా ఓవర్‌హీట్ అయి, ఆ సంగతి దాచిపెట్టి అమ్ముతున్న బండిని చూసి. సిలిండర్లను పైన కప్పే హెడ్ ఒకసారి వంగితే దాని కింది గ్యాస్కెట్ మార్చినా మళ్లీ మళ్లీ పోతూనే ఉంటుంది.

బీఎస్6 వ్యాన్ చెడ్డదని కాదు. అందులోని కామన్ రైల్ ఇంజిన్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఇంధనం అందే రకం) డీజిల్ వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో ఇంజెక్టర్లలోకి వెళుతుంది కాబట్టి ఇంధనంలో కొద్దిపాటి నీరు, తుప్పు చేరినా పంపూ ఇంజెక్టర్లూ దెబ్బతింటాయి. ఆ మరమ్మతుకు యంత్రాలున్న పెద్ద ఊరికి పోవలసిందే. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ తనలో చేరిన మసిని కాల్చుకోవడానికి బండి కొంతసేపు ఆగకుండా హైవే వేగంతో నడవాలి. ఊళ్లో నాలుగడుగులు నడిపి షెడ్డులో పెట్టే బండిలో అది పూడుకుపోతుంది. మీరు చూసిన బండిలో డీఈఎఫ్ (పొగలోని హానికర వాయువులను తగ్గించే ద్రవం) ట్యాంకు కూడా ఉంటే, అందులోని 32.5 శాతం యూరియా ద్రావణం ఏ నాటిదో అడగండి. ఎండకు అది త్వరగా పాడవుతుంది, ఆరిపోయిన చోట తెల్లని గడ్డలు కట్టి నాజిల్‌ను మూసేస్తుంది.

ఇక పరీక్ష. రెండు బండ్లనూ చల్లటి ఇంజిన్‌తో చూడాలి. ముందురోజే అమ్మేవారితో చెప్పి, వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే మర్యాదగా మరొక రోజు వస్తామని చెప్పి వెనుదిరగడమే మేలు, ఎందుకంటే స్టార్టింగ్ ట్రబుల్, చల్లటి ఇంజిన్ పొగ రెండూ అప్పటికే దాగిపోయి ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి కూలెంట్‌లో నూనె తెట్టుగాని తుప్పు రంగుగాని ఉందేమో చూడండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉండటం డీజిల్‌కు సహజం, పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే మాత్రం నీరు కలిసిందని అర్థం. స్టార్ట్ చేసిన వెంటనే కాస్త తెల్లపొగ వచ్చి వేడెక్కగానే ఆగిపోవడం మామూలే. ఆగకుండా వస్తుంటే కూలెంట్ గాని, సరిగా మండని డీజిల్ గాని కారణం. నీలిపొగ ఆయిల్ కాలుతున్నదానికి గుర్తు. బండి వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత విప్పితే గాలి కొద్దిగా రావడం తప్పేమీ కాదు. రైలింజన్ వదిలినట్టు గుప్పుగుప్పున పొగ ఎగిస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. అనుమానం ఉన్నప్పుడు కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో గాలి ఒత్తిడిని కొలిచే పరీక్ష) చేయించి, నాలుగు సిలిండర్ల అంకెలు దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో చూడాలి.

చదును రోడ్డు మీద ఏ ఇంజిన్ అయినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మీ దగ్గర అంతకన్నా మంచి పరీక్షాస్థలం ఉంది. నీళ్ల ట్యాంకు నింపి, లోపలి సామానంతా ఉంచి, సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్ వైపు ఒకసారి ఎక్కించండి. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు మధ్యలో నిలిచి ఉందా, పైపైకి పాకుతోందా, గేరులో ఉండి ఇంజిన్ అరుస్తున్నా బండి వేగం అందుకోకుండా క్లచ్ జారుతోందా అని గమనించండి. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి ఇంజిన్ బ్రేకుతో కొంతదూరం వచ్చాక, మళ్లీ తొక్కినప్పుడు వెనుక ఉన్న కారులోంచి మీ అబ్బాయి చూడాలి: ఆ క్షణంలో నీలిపొగ ఒక్కసారి గుప్పుమంటే వాల్వ్ సీళ్లు అరిగి ఉండవచ్చు. బీఎస్6 బండికైతే ఘాట్ ఎక్కకముందూ ఎక్కి దిగాకా స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల సంకేతాలను చదివే పరికరం) పెట్టించండి. చూపడానికి ముందు చెరిపేసిన ఫాల్ట్ కోడ్‌లు ఇలా నడిపిన తరువాత తిరిగి బయటపడే అవకాశం ఉంది.

అదే రోజు వేబ్రిడ్జి మీద కూడా తూకం వేయించి, ఆర్‌సీలో రాసిన మొత్తం అనుమతి బరువుతో పోల్చండి. ప్లైవుడ్ మంచాలు, బ్యాటరీలు, జనరేటర్, వంద లీటర్ల నీరు అంటే నీటికే వంద కిలోలు; మోటర్‌హోమ్‌గా మార్చేవారిలో ఈ లెక్క చూసేవారు తక్కువ. పరిమితి దాటిన బరువును ఏళ్ల తరబడి కొండలెక్కించిన ఇంజిన్‌ను ఎంత సర్వీసు పుస్తకం చూపినా నేను కొనమని చెప్పను.

ఘాట్ పరీక్షలో ముల్లు నిలకడగా ఉండి, కంప్రెషన్ సరిపోతే ట్రావెలర్‌నే తీసుకోమంటాను. అయితే సొంత వాడకపు రిజిస్ట్రేషన్ అయితే దాని 15 ఏళ్ల గడువు 2028లో ముగుస్తుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ చూపి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి కాబట్టి, ధర ఆ లెక్కతో మాట్లాడండి. నెలకు ఒకసారైనా హైవే మీద దూరం నడిపే ఓపిక మీకుండి, డీజిల్ ట్యాంకు శుభ్రం, ఫిల్టర్లు, కూలెంట్, అన్ని ఆయిళ్లు, బెల్టులు, హోసుల ఖర్చు ధరలో తగ్గించుకోగలిగితే బీఎస్6 వ్యాన్‌ను ఆలోచించవచ్చు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే 28,000 కిలోమీటర్లే కదా అనుకోకుండా కంపెనీ చెప్పిన ఏళ్ల గడువు కూడా చూడండి. ఆ బండి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్‌దైతే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి, ఒడిశాలో 12 నెలలకు మించి ఉంచేటట్టయితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి.

ప్రశ్న: మేము చూసిన పాత క్యాంపర్ వ్యాన్‌కు మూడేళ్ల కిందట వేరే ఇంజిన్ వేశారని అమ్మేవారు చెప్పారు. అలాంటిది కొనవచ్చునా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అదే రకం ఇంజిన్ వేసి, సరైన వర్క్‌షాపు బిల్లు చూపగలిగితే అది లోపం కాదు, ఒక్కొక్కప్పుడు మేలే. ముందు ఇంజిన్ బ్లాకు మీద చెక్కిన నంబరును ఆర్‌సీలోని నంబరుతో మీరే స్వయంగా పోల్చి చూడండి. ఇంజిన్ మార్చిన యజమాని 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్‌సీలో ఎక్కించుకోవాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. అది జరగకపోతే పేరు మార్పిడిలోనూ ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ ఇబ్బంది పడేది కొన్నవారే. ఆ పని పూర్తిచేయించి కొత్త ఆర్‌సీ చూపేవరకు అడ్వాన్సు కూడా ఇవ్వకండి.